కుడిచెయ్యి మళ్లీ సూది పట్టేదాకా

పక్షవాతం వచ్చిన కొత్తలో నన్ను చూడ్డానికి వచ్చినవాళ్లంతా "ఇక నువ్వేం పనీ పెట్టుకోకు, హాయిగా కూర్చుని తిను" అన్నారు. ప్రేమతోనే అన్నారు. కానీ నా చెయ్యి పనిలో పడ్డాకే దారికొచ్చింది. అందుకే ఇది రాస్తున్నాను.

మాది పాత గుంటూరు. పెళ్లికి ముందు నుంచీ జాకెట్లు కుడుతున్నాను. ఆ రోజు నిద్రలేచేసరికే కుడి కాలూ చెయ్యీ స్వాధీనంలో లేవు, మూతి ఓ పక్కకు పోయింది. 108లో తీసుకెళ్లారు. స్కాన్ తీసి, మెదడులో ఎడమవైపు రక్తం గడ్డకట్టిందన్నారు. గడ్డ కరిగే ఇంజెక్షన్ 4.5 గంటల లోపే ఇవ్వాలట. ఆ లెక్క మనం చూసుకున్నప్పటి నుంచి కాదు, మనిషి చివరిసారిగా బాగున్నప్పటి నుంచి. నేను రాత్రి పదింటికి బాగానే పడుకున్నాను కాబట్టి గడువు దాటిపోయింది.

మాటది ఇంకో బాధ. అనాలనుకున్నది లోపల ఉంటుంది, నోటికి రాదు. మంచినీళ్లు అడగబోయి "దారం" అనేదాన్ని. ఎక్కాలు మాత్రం గడగడా వచ్చేవి! చిన్నప్పటి నుంచి వల్లించినవి ఇలా మిగలడం మామూలేనని స్పీచ్ థెరపీ అమ్మాయి చెప్పింది. ఎక్కాల నుంచి వారాల పేర్లకు, అక్కణ్ణుంచి చిన్న చిన్న మాటలకు తెచ్చింది.

ఇంట్లోవాళ్లకు ఒక్క మాట. మనిషిని లేపేటప్పుడు పడిపోయిన చేతిని పట్టుకుని లాగకండి. భుజం కీలు జారుతుంది. ఆ నొప్పి నెలల తరబడి పడ్డాను.

నడక ముందొచ్చింది, చెయ్యే రాలేదు. బంతి పిసకమంటే పిసికేదాన్ని గానీ మనసు అక్కడ ఉండేది కాదు. ఊరికే ఏడుపొచ్చేది. ఈ జబ్బు చేసినవాళ్లలో దాదాపు ముగ్గురిలో ఒకరికి ఇలా దిగులు పట్టుకుంటుందని చెప్పి డాక్టరుగారు మందు రాశారు. అది నాకు పనిచేసింది. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

అప్పుడే ఎదురింటి అమ్మాయి ఓ జాకెట్ పట్టుకొచ్చింది. "పిన్నీ, చంకల దగ్గర బిగుతైపోయింది, కుట్టు విప్పి పెడతావా?" అంది. మావారు వద్దనబోయారు. నేను ఎడమచెయ్యి చాచి తీసుకున్నాను. జాకెట్‌ను ఎడమచేత్తో ఒళ్లో అదిమిపెట్టి, కుడి బొటనవేలూ చూపుడువేలూ మధ్య దారం కొస పట్టుకోవాలి. పట్టు దొరికేది, లాగేలోపు జారిపోయేది. మళ్లీ వెతుక్కోవడం, మళ్లీ పట్టుకోవడం. ఒక్క చంక విప్పేసరికి భోజనాల వేళ దాటిపోయింది. ఫిజియో ఆయనకు చెబితే ఎంత సంతోషించారో! అలవాటైన పనినే పదే పదే చేస్తుంటే మెదడు కొత్త దారి వేసుకుంటుందని చెప్పి, బంతి పక్కన పెట్టించారు.

తర్వాత డబ్బాలోంచి హుక్కులు ఏరడం, ఆ తర్వాత లావు సూదితో హెమ్మింగ్. కత్తెర మాత్రం లొంగలేదు. ఎడమచేతివాటం వాళ్ల కత్తెర తెప్పించుకున్నా, పరాయివాళ్ల గుడ్డ మీద పెట్టడానికి ధైర్యం చాలలేదు. అందుకని కటింగ్ ఆ అమ్మాయి చేతే చేయించాను. "ఛాతీలో నాలుగో వంతు, దానికి కుట్టుకు కలుపు" అనడానికి నాకు ఎంతసేపు పట్టినా, ఆ పిల్ల సుద్దముక్క పట్టుకుని ఆగేది. థెరపీలో రాని మాటలు అక్కడ వచ్చాయి. చెప్పకపోతే గుడ్డ పాడవుతుంది మరి.

ఆ పిల్ల వెంట ఇంకో ఇద్దరు చేరారు. ఇప్పుడు రోజూ పొద్దున నేర్పుతున్నాను. మిషన్‌కు మోటారు పెట్టించి, పెడల్ ఎడమకాలి కిందికి మార్చుకున్నాను. మంగళగిరి చీరలకు ఫాల్ నేనే కుడతాను. ఆలస్యమవుతుందని ముందే చెబుతాను, ఒప్పుకున్నవాళ్లే ఇస్తారు. బీపీ మాత్ర తప్పను. ఉప్పు తగ్గించాలని ఊరగాయ మానేయడం మాత్రం, గుంటూరులో పుట్టిన మనిషికి, చాలా కష్టమైంది. పండగ వెళ్లాక లైనింగ్ జాకెట్ కటింగ్ మొదలుపెడదామని పిల్లలకు చెప్పాను.