పాత పెన్ రీలు విప్పితే ఉప్పు ఎక్కడెక్కడ బయటపడుతుంది

సముద్రంలో చేపలు పట్టడానికి వాడే పాత గాలపు రీళ్లు వాడకం వల్ల పాడవడం తక్కువ. లోపల నిలిచిపోయిన ఉప్పునీటి వల్లే ఎక్కువ పాడవుతాయి. అది కూడా మనకు కనిపించే చోట కాదు. స్క్రూ మరల్లో, రింగుకీ సైడ్ ప్లేటుకీ మధ్య సందులో, రాడ్డుకు బిగించే పాదం కింద, మెయిన్ గేరు అడుగున చేరి కూర్చుంటుంది. పైపైన పాలిష్ పట్టి అల్మారాలో పెట్టుకుంటే ఆ ఉప్పు తన పని తాను చేస్తూనే ఉంటుంది. అందుకే రీలు బాగుచేయడమంటే మొదట పూర్తిగా విప్పడం. సగం విప్పి, నూనె చుక్క వేసి మూసేయడాన్ని నేను రిపేరు కింద లెక్కేయను.

ఇక్కడ రాసేది ముఖ్యంగా పెన్ కంపెనీ రీళ్ల గురించి. జర్మనీ నుంచి వలస వెళ్లిన ఒట్టో హెన్జ్ 1932లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఈ కంపెనీ పెట్టాడు. దాని సెనేటర్ రీలు 1936లో వచ్చింది. సెనేటర్, లాంగ్ బీచ్, స్క్విడర్, జిగ్‌మాస్టర్ రీళ్లు దశాబ్దాల పాటు పెద్ద మార్పులు లేకుండా తయారయ్యాయి కాబట్టి చాలా భాగాలు ఒకదానివి ఇంకోదానికి సరిపోతాయి, ఇప్పటికీ దొరుకుతాయి. పార్టు నంబరు చదవడం కూడా తేలికే. 6-60 అంటే మొదటి అంకె డ్రాగ్ (చేప గట్టిగా లాగితే లైను తెగకుండా పట్టిపట్టి వదిలే బ్రేకు) వాషరు, రెండోది అది ఏ మోడల్ కొలతో చెప్పేది. 5 మెయిన్ గేరు, 13 పినియన్ (దానితో కలిసి తిరిగే చిన్న గేరు). అమెరికాలో తీరప్రాంతాల్లో ఉండే మనవాళ్లకి గరాజ్ సేల్స్‌లో, ఫ్లీ మార్కెట్లలో ఇవి తరచూ కనబడుతుంటాయి. రిపేరు నేర్చుకోవడానికి వీటికంటే మంచి రీళ్లు లేవు.

కొనే ముందు చూసుకోవాల్సినవి కొన్నే. సైడ్ ప్లేటు మీద స్క్రూ రంధ్రాల చుట్టూ వెంట్రుకవాసి పగుళ్లు ఉన్నాయేమో వేలిగోరు నడిపి చూడండి. హ్యాండిల్ వెనక్కి తిప్పితే ఆగాలి. లివర్ తిప్పగానే స్పూలు (గాలపు తాడు, అంటే లైను, చుట్టుకునే చక్రం) స్వేచ్ఛగా తిరగాలి, మళ్లీ వేస్తే పట్టుకోవాలి. స్పూలు అంచులు రెండూ సమాంతరంగా ఉన్నాయో లేదో పక్క నుంచి వెలుతురులో చూడండి. పాత ప్లాస్టిక్ స్పూళ్లకి ఒక జబ్బుంది. నైలాన్ మోనో (ఒకే పోగు) లైను బిగువుగా చుట్టినప్పుడు సాగుతుంది, తర్వాత మెల్లగా కుంచించుకుంటుంది. వందల చుట్ల ఒత్తిడి కలిసి అంచులను బయటికి నెట్టి పగలగొట్టేస్తుంది. అలాంటి స్పూలున్న రీలు వదిలేయక్కర్లేదు, లోహపు స్పూలు దొరికితే మార్చేయొచ్చు. పగిలిన ప్లేటు మాత్రం వేరే సంగతి, ధర దానికి తగ్గట్టు మాట్లాడుకోండి.

విప్పేటప్పుడు మొదట స్టార్‌ని, అంటే హ్యాండిల్ కింద డ్రాగ్ బిగించే నక్షత్రం ఆకారపు చక్రాన్ని, పూర్తిగా వదులు చేయండి. హ్యాండిల్ నట్టు కదలకుండా పట్టే చిన్న లాక్ స్క్రూ ఒకటి ఉంటుంది. అది తీయకుండా నట్టు మీద బలం పెడితే నట్టు మూలలు అరిగిపోతాయి. హ్యాండిల్, స్టార్, దాని కింది స్పేసర్ వరసగా వచ్చేస్తాయి. తర్వాత ప్లేటు స్క్రూలు. ఇవన్నీ ఒకే పొడవు కావు. పాదంలోకి వెళ్లేవి, అడ్డ కడ్డీల్లోకి వెళ్లేవి వేరువేరు. తీసిన ప్రతి స్క్రూనీ ఏ రంధ్రంలోదో రాసిన గుడ్ల ట్రేలో పెట్టి, ప్రతి దశకీ ఫోనులో ఫోటో తీసుకోండి.

అసలు కష్టమంతా బిగుసుకుపోయిన స్క్రూలతోనే. ఇంట్లో ఉండే మామూలు స్క్రూడ్రైవరు కొస ఏటవాలుగా ఉంటుంది. బలం పెట్టగానే అది గాడిలోంచి పైకి ఎక్కి, ఇత్తడి తలను చెక్కేస్తుంది. తుపాకులు బాగుచేసేవాళ్లు వాడే బిట్లు కొస దాకా ఒకే మందంతో ఉంటాయి, గాడి అడుగుకంటా నిండుగా కూర్చుంటాయి. ఆ బిట్ల సెట్టు కొనండి, ఈ పనిలో ముందు కొనాల్సిన పనిముట్టు అదే. అయినా కదలకపోతే పెనెట్రేటింగ్ ఆయిల్ ఒక చుక్క స్క్రూ తల చుట్టూ వేసి 24 గంటలు వదిలేయండి. ఎసిటోన్, ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్ (కార్ల గేర్‌బాక్సుల్లో పోసే నూనె) సమానంగా కలిపినది బాగా దిగుతుంది, కానీ దానికి మంట దగ్గరికి రాకూడదు, ప్లాస్టిక్ భాగాలకు తగలకూడదు. అది వాడిన చోట వేడి పెట్టే పని పెట్టుకోకండి. నూనె ఒక్కటే వేసినచోట కూడా శుభ్రంగా తుడిచాకే వేడి. సోల్డరింగ్ ఐరన్ కొసని స్క్రూ తల మీద మాత్రమే 20, 30 సెకన్లు ఆనించి, చల్లారాక మొదట పిసరంత బిగించండి, ఆ తర్వాత వదులు చేయండి. ఆ చిన్న బిగింపులోనే లోపలి చిలుము పెళుసుగా విరుగుతుంది, చేతికి తెలుస్తుంది. సైడ్ ప్లేట్లు బేకలైట్‌వి, అంటే పాతకాలపు గట్టి ప్లాస్టిక్‌వి. అది కరగదు గానీ వేడికి పొంగి పగులుతుంది, ఐరన్ ప్లేటుకు తగలనివ్వకండి.

ప్లేటు ఊడాక బ్రిడ్జి (గేర్లను మోసే లోహపు పలక) మీద గేరు, పినియన్, దాన్ని పట్టుకునే యోక్, యోక్‌ని నొక్కే రెండు చిన్న స్ప్రింగులు కనిపిస్తాయి. ఆ స్ప్రింగులు ఎగిరిపోతాయి. ఒక పెద్ద పారదర్శక ప్లాస్టిక్ సంచిలో చేతులు పెట్టి విప్పితే ఎగిరినా సంచిలోనే ఉంటాయి.

శుభ్రం చేయడంలో ఏది దేనికో తెలియకపోతే నష్టం ఎక్కువ. గేర్లు, బ్రిడ్జి, స్ప్రింగులు కిరోసిన్‌లో ముంచి టూత్‌బ్రష్‌తో రుద్దితే పాత గ్రీజు జిగురు వదులుతుంది. రింగులు, కడ్డీలు, పాదం క్రోమ్ పూత పోసిన ఇత్తడి. వాటిపై పచ్చగా కనిపించేది ఇత్తడిలోని రాగి చిలుము. తెల్ల వెనిగర్, నీళ్లు సగం సగం కలిపి అందులో 10 నిమిషాలు పెట్టి, తీసి చూసి, అవసరమైతే మళ్లీ పెట్టండి. రాత్రంతా నానబెట్టడం పెద్ద పొరపాటు. ఇత్తడి గులాబీ రంగుకి తిరిగిందంటే అందులోని జింకు కరిగిపోయి రాగి మిగిలిందని అర్థం, అక్కడ లోహం బలం పోయింది. బయటికి తీశాక అర లీటరు నీళ్లలో ఒక చెంచా వంటసోడా కలిపి కడిగి, ఆ తర్వాత మంచినీళ్లతో కడిగి, వెంటనే ఆరబెట్టండి. క్రోమ్ కింద చిలుము పాకిన చోట పూత పెచ్చులుగా లేచిపోతుంది, దాన్ని ఆపలేం. లేచిన పెచ్చు అంచు వేలిని కోస్తుంది, లైనుకి కూడా నష్టం, అందుకని నున్నగా రుద్దేయండి. స్టీల్ ఊల్ (సన్నని ఉక్కు పీచు) వాడితే దాని పొడి సందుల్లో మిగిలి తుప్పు పడుతుంది. కంచు ఊల్ దొరికితే అదే వాడండి. మళ్లీ క్రోమ్ వేయిస్తామంటారు కొందరు. దానికయ్యే ఖర్చు చాలాసార్లు రీలు ధరని మించిపోతుంది.

బేకలైట్ సైడ్ ప్లేట్లకి గోరువెచ్చటి నీళ్లు, పాత్రలు తోమే సబ్బు చాలు. వెనిగర్‌లో నానబెట్టడం, బ్లీచు, ఓవెన్ క్లీనర్ లాంటి గాఢ క్షారాలు దీనికి పనికిరావు. పై పొర తినేసి, ప్లేటు గోధుమరంగులోకి పోయి మచ్చలు పడుతుంది. ఆరాక కారు పాలిష్ పట్టించి మైనం పూస్తే చాలు, నల్లటి రంగు తిరిగి వస్తుంది. వామ్ హోఫ్ లాంటి ఇంకా పాత రీళ్లలో ప్లేట్లు గట్టి రబ్బరువి. వాటికి వేడినీళ్లు తగలనివ్వకండి, గోధుమరంగుకి తిరుగుతాయి. ఆ రీళ్ల జర్మన్ సిల్వర్ (రాగి, నికెల్, జింకు కలిసిన మిశ్రలోహం) మీద కాలంతో వచ్చిన మబ్బు రంగుని పాలిష్ చేసి తీయకండి, సేకర్తలు దానికే విలువ కడతారు.

శుభ్రమైన భాగాలు బల్ల మీద పెట్టుకున్నాక అరుగుదల చూడాలి. పినియన్ కొసన ఒక గాడి, దానికి ఎదురుగా స్పూలు ఇరుసు మీద చదును చేసిన ముఖాలు ఉంటాయి. లివర్ వేసినప్పుడు ఈ రెండూ ఒకదాన్లో ఒకటి కూర్చుంటేనే హ్యాండిల్ బలం స్పూలుకి అందుతుంది. ఆ గాడి మూలలు గుండ్రంగా అరిగితే బరువు పడ్డప్పుడు టక్కుమని జారుతుంది. చాలామంది అది డ్రాగ్ లోపమనుకుని డ్రాగ్‌ని బిగిస్తూ పోతారు, అలా బిగించిన కొద్దీ మూలలు ఇంకా అరుగుతాయి. భూతద్దం పెట్టి చూసి, మూలలు వాడిగా లేకపోతే పినియన్ మార్చండి. మెయిన్ గేరు పళ్లు కూడా అరిగి ఉంటే రెండూ కలిపే మార్చాలి. కొత్త గేరు పాత పినియన్‌తో గరగరలాడుతుంది, త్వరగా అరుగుతుంది.

ఇక డ్రాగ్. మెయిన్ గేరు లోపల గిన్నెలాంటి గుంటలో వాషర్లు ఒకదానిపై ఒకటి కూర్చుంటాయి. లాంగ్ బీచ్, జిగ్‌మాస్టర్ రకాల్లో రాపిడి వాషర్లు మూడు. అడుగున రాపిడి వాషరు, దానిపై లోపలి రంధ్రానికి చదునులున్న లోహపు వాషరు, మళ్లీ రాపిడి, ఆపై బయటికి చెవులున్న లోహపు వాషరు, మళ్లీ రాపిడి, పైన చదునుల వాషరు. చదునులున్నవి స్లీవ్‌తో (గేరు మధ్యలోని గొట్టం), అంటే హ్యాండిల్‌తో తిరుగుతాయి. చెవులున్నది గేరు గాడుల్లో కూర్చుని గేరుతో, అంటే స్పూలుతో తిరుగుతుంది. ఈ రెండిటి మధ్య రాపిడే డ్రాగ్. వరుస తారుమారైతే పక్కపక్కన ఉన్న లోహపు వాషర్లు కలిసి తిరిగి, రాపిడి పుట్టే ముఖాలు తగ్గిపోతాయి. స్టార్ ఎంత బిగించినా పట్టు రాదు.

పాత రాపిడి వాషర్లు గట్టిపడి, నునుపు తేలి ఉంటే తీసి పారేయండి. కొన్ని పాత వాషర్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు కాబట్టి వాటిని పొడిగా గీకడం, ఇసుక కాగితంతో రుద్దడం చేయకండి. తడిపి తీసి, సంచిలో మూటగట్టి పారేయాలి. వాటి స్థానంలో పెన్ హెచ్‌టీ-100 కార్బన్ ఫైబర్ వాషర్లు పెట్టండి. లోహపు వాషర్లను అద్దం మీద పెట్టి నొక్కి చూడండి. ఊగితే వంగినట్టే, వంగినది ఉంటే లైను గుంజుకు గుంజుకు పోతుంది. తేలికపాటి తుప్పు ఉంటే అద్దం మీద పరిచిన 600 నంబరు తడి కాగితంపై 8 అంకె ఆకారంలో తిప్పుతూ రుద్దితే పోతుంది. గుంటలు పడ్డవి మార్చేయండి. కార్బన్ వాషర్లకి డ్రాగ్ గ్రీజు చాలా పలచగా పూసి, మిగిలింది తుడిచేయండి. పొడిగా వాడితే గరిష్ఠ పట్టు కాస్త ఎక్కువుంటుంది, నిజమే. కానీ లోపలికి నీరు పోయి లోహం తుప్పు పట్టి డ్రాగ్ అతుక్కుపోవడం కంటే ఆ కాస్త పట్టు వదులుకోవడమే మంచిది. సముద్రంలో వాడే రీలుకి నేను గ్రీజే చెబుతాను. మొత్తం దొంతర ఎత్తు కూడా చూడండి. మందమైన వాషర్లు పడితే పైవాటి చెవులు గాడి దాటి బయటికి వస్తాయి. పలచనివి పడితే స్టార్ అడుగుకు తగిలి ఆగిపోతుంది, అప్పుడు ఒక సన్నని షిమ్ (ఖాళీ నింపే పలచటి బిళ్ల) వేస్తే సరి.

హ్యాండిల్ వెనక్కి తిరక్కుండా ఆపే డాగ్ అనే చిన్న ముక్క, దాని స్ప్రింగు ఖరీదు తక్కువ భాగాలు. వాటిని కొత్తవే వేయండి. పెద్ద చేప లాగుతున్నప్పుడు ఆ స్ప్రింగు విరిగితే హ్యాండిల్ వెనక్కి తిరిగి వేళ్లు చితక్కొడుతుంది. డాగ్ మీద చిక్కటి గ్రీజు పూయకండి. చలికి గ్రీజు గట్టిపడి డాగ్ ఆలస్యంగా పడుతుంది. పలచని నూనె చాలు. స్పూలు బేరింగులకి, బుష్‌లకి కూడా నూనే. మిగతా ప్రతి లోహానికీ మెరైన్ గ్రీజు పూయండి. స్క్రూ మరలకి, రింగు లోపలి ముఖానికి, ప్లేటు ఆనే చోటికి, పాదం కిందికి. రెండు రకాల లోహాలు తాకేచోట ఉప్పునీరు చేరితే ఒకటి ఇంకోదాన్ని తినేస్తుంది, గ్రీజు ఆ నీటిని లోపలికి రానివ్వదు. దీన్ని వదిలేస్తే తర్వాతిసారి విప్పేటప్పుడు మళ్లీ సోల్డరింగ్ ఐరన్ పట్టుకోవాల్సిందే. డబ్ల్యూడీ-40 శుభ్రం చేయడానికి సరే, కందెనగా నిలవదు.

బిగించేటప్పుడు బేకలైట్‌లోకి వెళ్లే ప్రతి స్క్రూని ముందు వెనక్కి తిప్పండి. మర పడినట్టు చిన్నగా టిక్కుమన్నాక ముందుకి తిప్పాలి. లేకపోతే కొత్త దారి తొలుచుకుని మర పోతుంది. ఒక వైపు పూర్తిగా బిగించకుండా ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగిస్తూ రండి. ఎడమ పక్క బేరింగు క్యాప్‌ని, స్పూలు అటూ ఇటూ పిసరంత కదిలేలా ఉంచి ఆపండి. మరీ బిగిస్తే స్పూలు ఆగిపోతుంది, మరీ వదిలితే అంచు రింగుకి రాసుకుంటుంది.

డ్రాగ్ పరీక్షకి సూట్‌కేసులు తూచే చేతి త్రాసు చాలు. లైను దానికి కట్టి రీలుకి నేరుగా ఎదురుగా లాగండి. లైను తెగే బలంలో పావు నుంచి మూడో వంతు దాకా డ్రాగ్ ఉంచడం ఆనవాయితీ. 30 పౌండ్ల, అంటే సుమారు 13.6 కిలోల లైనుకి 3.4 నుంచి 4.5 కిలోలు. త్రాసు మీద మొదటి కదలికకి పట్టే అంకె, లైను పోతూ ఉన్నప్పటి అంకె రెండూ చూడండి. వాటి మధ్య తేడా ఎక్కువుంటే వాషర్లు అతుక్కుంటున్నట్టే, విప్పి గ్రీజు చూసుకోవాలి. ఈ కొలత నిండు స్పూలు మీద తీసుకున్నది. లైను పోయి చుట్టు వ్యాసం సగానికి దిగితే, స్టార్ కదపకపోయినా లైను మీద పడే లాగుడు రెట్టింపవుతుంది. పెద్ద చేప దూరం పోయాక లైను తెగేది చాలాసార్లు ఇందుకే, అప్పుడు స్టార్ కాస్త వదులు చేయాలి.

వాడి వచ్చాక డ్రాగ్ బిగించి, మంచినీళ్లు సన్నగా పోసి కడగండి. గొట్టంతో జోరుగా కొడితే ఉప్పు సందుల్లోకి ఇంకా లోపలికి పోతుంది. విదిల్చి, తుడిచి, నీడలో ఆరబెట్టి, స్టార్‌ని పూర్తిగా వదులు చేశాకే లోపల పెట్టండి. ఆ పని మానేస్తే వాషర్లు నెలల తరబడి ఒకదాన్నొకటి నొక్కుకుని, మళ్లీ వాడే రోజున మొదటి లాగుడుకే కుదుపు వస్తుంది.