ఆర్‌ఎక్స్ 100 బైక్‌కు వేసిన సెకండ్‌హ్యాండ్ స్పీడోమీటరు: ఇంకా మూడు కిలోమీటర్ల తేడా

నిన్న సాయంత్రం ముల్లు మొదటిసారి బండి కదలగానే లేచింది! జీపీఎస్ 20 అంటే 19, 40 అంటే 38. ఆ ఊపులో 60 దాకా వెళ్లాను. ముల్లు 57 దగ్గర ఆగిపోయింది. ఆ మూడు కోసం రాత్రి సరిగ్గా నిద్రపట్టలేదు.

బండి 1994ది. పాత మీటరు వెనక బాడీ పగిలి, వాన నీళ్లు దిగి, మొత్తం తిరిగిన కిలోమీటర్లు చూపే ఓడోమీటరు 48,312 దగ్గర తుప్పు పట్టి బిగుసుకుపోయింది. హైదరాబాద్ పుత్లీబౌలిలో 900 రూపాయలకు ఒరిజినల్ సెకండ్‌హ్యాండ్ మీటరు దొరికింది. కొత్త డూప్లికేట్లు చవకే కానీ వాటి డయల్ అంకెలు చూస్తేనే నాకు నచ్చవు. బిగించడం అరగంట పని. ముల్లు వణుకు, ముందు చక్రం నుంచి మీటరును తిప్పే కేబుల్‌ను ప్రికాల్ కంపెనీది వేయగానే పోయింది. కేబుల్ దగ్గర మాత్రం పిసినారితనం పనికిరాదు.

పేచీ అంతా రీడింగ్‌తోనే. మొదటి రోజు రాసుకున్నవి: జీపీఎస్ 20కి మీటరు 11, 30కి 20, 40కి 30, 50కి 39, 60కి 49. బండి 8 దాటేదాకా ముల్లు కదలనే లేదు.

ఇది వేరే బండి మీటరేమోనని ముందు అనుమానం. ముందు టైరు మీద సుద్దగీత పెట్టి, నేను బండెక్కి కూర్చుంటే తమ్ముడు తోశాడు. 10 చుట్లకు 18 మీటర్ల 10 సెంటీమీటర్లు. కేబుల్ కొసకు కాగితం ముక్క అంటించి లెక్కపెడితే 25 చుట్లు, ఇంకో పావు. అంటే కిలోమీటరుకు కేబుల్ దాదాపు 1,400 చుట్లు. సాగర్ రోడ్డులో కిలోమీటరు రాళ్లు చూసుకుంటూ 10 కిలోమీటర్లు వెళ్తే ఓడోమీటరూ సరిగ్గా 10 తిరిగింది. దాన్ని తిప్పేవి పళ్లచక్రాలు, కాబట్టి మీటరు ఈ బండికి సరిపోయేదే. ముల్లును లాగేది అయస్కాంతం. తప్పు అటువైపే ఉంది.

అంకెలు మళ్లీ చూశాను. తేడా 9 నుంచి 11కి పెరుగుతోంది. అన్ని వేగాల్లోనూ ఒకేలా పోయే 8 ఒకటి, వేగంతో పాటు పెరిగే 5 శాతం ఇంకొకటి. రెండు జబ్బులు కలిసి ఉన్నాయి!

మీటరు అద్దం చుట్టూ ఉన్న రింగు అంచు మీద పాత స్క్రూడ్రైవర్ గాట్లున్నాయి, ఎవరో ముందే విప్పారు. నేనూ విప్పి, ముల్లును సున్నా దగ్గరి పిన్ను మీదుగా ఎత్తి వదిలాను. పిన్నుకు అవతల, సరిగ్గా 8 అంత దూరం కిందికి వెళ్లి ఆగింది. డయల్ మీద కాగితం పరిచి, రెండు టీ స్పూన్లతో ముల్లు లేపి, సున్నా దగ్గర మళ్లీ నొక్కాను. మొదటి జబ్బు పోయింది.

రెండోది మిగిలింది. లోపల గ్రీజు గట్టిపడిందా అంటే, 50 నుంచి పెంచుతూ 60కి వచ్చినా, 70 నుంచి తగ్గిస్తూ వచ్చినా అదే 57. గ్రీజు పట్టేసి ఉంటే దిగేటప్పుడు ఎక్కువ చూపించాలి కదా. ముల్లును సున్నాకు వెనక్కి లాగే హెయిర్ స్ప్రింగ్‌ను ఎవరైనా కెలికి ఉండొచ్చు, కానీ నా అనుమానం ముసలి అయస్కాంతం మీదే. ముల్లును ఇంకో మూడు పైకి జరిపి నొక్కేయొచ్చు, అప్పుడు 20 దగ్గర 22 చూపిస్తుంది. మీటరు ఉన్న వేగం కంటే తక్కువ మాత్రం చూపించకూడదు కాబట్టి అప్పటికి అది నయమే, కానీ అది మందు కాదు.

పాత మీటరు ముల్లు చివరిదాకా జీపీఎస్‌తో కలిసేది. ఆదివారం దాని అయస్కాంతం తీసి ఇందులో వేస్తాను. ఈసారి రోడ్డెక్కే ముందు మీటరును డ్రిల్‌తో తిప్పి చూస్తా: నిమిషానికి 1,400 చుట్లంటే 60 చూపించాలి. చుట్లు లెక్కపెట్టే లేజర్ టాకోమీటరు ఎవరినైనా అడగాలి. హెడ్‌లైట్ డోమ్ లోపల పెయింటుతో 48,312 అని, కొత్త మీటరు మొదలైన 27,906 అని రాసిపెట్టాను. రేపు ఈ బండి ఎవరి చేతికి వెళ్లినా అసలు ఎంత తిరిగిందో తెలియాలి.