ముప్పావు నిమిషం బాకీ

సంచికకి ఏదో ఒకటి రాయమని మన బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో మూడు నెలలుగా వెంటపడుతున్నారు. నాకు బడి అనగానే తొమ్మిదో తరగతి సైన్స్ పీరియడ్ గుర్తొస్తుంది. పక్కవాడి నాడి చూసి లెక్క చెప్పమన్నారు మాస్టారు. నేను పదిహేను సెకన్లు చూసి, నాలుగుతో గుణించి, అందరికంటే ముందు లేచి చెప్పేశాను. "పావు నిమిషం నువ్వు చూశావు, మిగతా ముప్పావు ఎవరు చూశార్రా?" అన్నారు. క్లాసంతా ఒకటే నవ్వు.

2008లో సెప్సిస్ మీద పనిచేయడానికి ఉగాండా వెళ్లాను. ఒంట్లో ఇన్‌ఫెక్షన్ చేరితే దాంతో పోరాడాల్సిన శరీరం అదుపు తప్పి సొంత అవయవాలనే దెబ్బతీసుకోవడం, అదీ సెప్సిస్. నేనున్న వార్డులో వెంటిలేటర్ లేదు. మంచానికి ఇద్దరు పిల్లలు, కింద చాప మీద తల్లులు. సెలైన్ పంపు లేదు కాబట్టి చుక్కలు లెక్కపెట్టుకోవడమే. ఊపిరీ అంతే, చొక్కా పైకెత్తి పొట్ట లేచి పడటం చూస్తూ కూర్చోవాలి. గబగబా నాలుగు, కాసేపు ఆగి ఒకటి. పావు నిమిషం చూస్తే ఏం తెలుస్తుంది?

షాక్‌లో, అంటే ఒంట్లో రక్తప్రసరణ బాగా పడిపోయిన స్థితిలో ఉన్న పిల్లలకి సెలైన్ గబగబా ఎక్కించాలని అందరికీ నేర్పిన పాఠం. నేనూ ఎక్కించాను. అసలది నిజమేనా అని పిల్లల డాక్టరు క్యాథరిన్ మెయిట్‌లాండ్ బృందం కెన్యా, ఉగాండా, టాంజానియాల్లో 3,141 మంది పిల్లలతో ఫీస్ట్ అనే ట్రయల్ చేసింది. 2011లో ఫలితాలొచ్చాయి. గబగబా ఎక్కించినవాళ్లలో 48 గంటల్లోపు పోయినవాళ్లు నూటికి పదిన్నర మంది, అలా ఎక్కించనివాళ్లలో 7.3. పుస్తకాల్లో ఉన్నదానికి పూర్తిగా తలకిందులు! పిల్లల సంగతి కదా అనుకుంటే, 2017లో జాంబియా రాజధాని లుసాకా నుంచి పెద్దవాళ్ల లెక్కా వచ్చింది, వాళ్లలో ఎక్కువమందికి హెచ్‌ఐవీ ఉంది. వెంటనే సెలైన్, బీపీ పెంచే మందులు ఇచ్చే పద్ధతిలో 48 శాతం మరణాలు, మామూలు వైద్యంలో 33.

ఫీస్ట్ పేపరు చదివాక నా పాత కేసు షీట్లు తీశాను. ధైర్యం చాలక మళ్లీ కట్టేశాను. ఇప్పటికీ విప్పలేదు.

ఇప్పుడు రౌండ్స్‌లో జూనియర్ల ఛార్టు చూస్తే ఊపిరి లెక్క 36, 40, 44, 48, అన్నీ నాలుగో ఎక్కంలో అంకెలే. దొరికిపోతారు. మాస్టారి ప్రశ్నే ఇంగ్లీషులో అడుగుతాను, వాళ్లూ నవ్వుతారు. చివర్లో ఆ 'రా' మాత్రం ఇంగ్లీషులోకి రావడం లేదు.