చిట్టాలో ఖాళీ, గోదాములో నిండు

కార్తీక సోమవారం. కపిలతీర్థం దగ్గర జనం రోడ్డు మీదికి వచ్చేశారు. నా బండి వాళ్ల మధ్య ఇరుక్కుని ఉండగా ఫోన్ మోగింది. మా ల్యాబ్ అటెండర్.

"సార్, మిషన్లన్నీ నిలబడిపోయినాయి. మౌస్ కూడా కదల్లా. పిల్లోళ్లు అరస్తా ఉండారు."

టైం పదీ పది. ప్రాక్టికల్ పరీక్ష పదింటికే మొదలైంది.

నేను తిరుపతి శివార్లలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో సిస్టమ్ అడ్మిన్‌ని. మా ల్యాబ్‌లో బల్లల మీద ఉండేవి పాత డెస్క్‌టాప్‌లు. అవి తెర చూపించడానికి తప్ప దేనికీ పనికిరావు. అసలు పనంతా వెనక గదిలో ఒక సర్వర్ మీద జరుగుతుంది. అందులో 60 మందికి 60 వర్చువల్ మిషన్లు, అంటే ఒకే సర్వర్ లోపల విడివిడి కంప్యూటర్లలా నడిచేవి. అడుగున లైనక్స్, దాని గుండెకాయ లాంటి కెర్నల్‌లో 2007 నుంచి ఉంటున్న, ప్రాసెసర్‌ని మిషన్లకి పంచే కేవీఎం, దాని తోడుగా మిషన్లకి డిస్కులూ తెరలూ కల్పించే క్యూఎము, ఆ రెండింటికీ పని చెప్పే లిబ్‌వర్ట్. ఇవన్నీ ప్రపంచమంతా వాడేవే. వీటికి పైన మాత్రం మా కాలేజీకే సొంతమైన ఒక వెబ్ పేజీ ఉంది. నాలుగేళ్ల కిందట ఒక ఫైనలియర్ అబ్బాయి ప్రాజెక్టు కోసం పైథాన్‌లో రాశాడు. లెక్చరర్లు దాంట్లో బటన్లు నొక్కి మిషన్లు పుట్టిస్తారు, నడుపుతారు, సెమిస్టర్ అయ్యాక తీసేస్తారు. ఆ అబ్బాయి బెంగుళూరు వెళ్లిపోయాడు. ఇల్లు కొన్నవాడికి అటక మీద సామాను కూడా దక్కినట్టు ఆ పేజీ నాకు దక్కింది. అది పనిచేస్తున్నంతకాలం నేను దాన్ని తెరిచి చూడలేదు. తప్పు నాదే.

ల్యాబ్‌కి చేరేసరికి పదీ ఇరవై. హెచ్‌ఓడీ మేడమ్ తలుపు దగ్గరే నిలబడి ఉన్నారు. "ఇంకెంత సేపు పడుతుందండీ?" అని మాత్రం అడిగారు. కోప్పడి ఉంటే నాకు కొంచెం సులువుగా ఉండేది.

సర్వర్‌లో 'విర్ష్ లిస్ట్' అనే లిబ్‌వర్ట్ కమాండ్ కొట్టాను. 60 మిషన్లకూ ఎదురుగా 'పాజ్డ్' అని ఉంది. చచ్చిపోలేదు, ఆగాయి. సగం ప్రాణం వచ్చింది. ఒక మిషన్ పేరు పెట్టి 'డోమ్‌బ్లక్‌ఎర్రర్' అడిగితే, దాని డిస్క్‌కి చోటు లేదని చెప్పింది. 'డీఎఫ్' కొడితే 1.8 టీబీ డిస్క్ నూటికి నూరు శాతం నిండి ఉంది. (కొన్నది 2 టీబీ డిస్కే. లైనక్స్ లెక్కపెట్టే పద్ధతిలో అది 1.8 అవుతుంది. అకౌంట్స్ సెక్షన్‌కి ఈ మాట నేను ఇప్పటికి రెండుసార్లు వివరించాను.)

మా వెబ్ పేజీ మాత్రం పచ్చరంగులో చూపిస్తోంది: ఖాళీ 1.4 టీబీ.

ఆ పరీక్షని కాపాడింది క్యూఎముకి ఉన్న ఒక మంచి గుణం. డిస్క్‌లో రాయబోతే చోటు లేదని తెలిస్తే, ఆ లోపాన్ని లోపలి ఆపరేటింగ్ సిస్టమ్ నెత్తిన వేయదు. మిషన్‌ని ఉన్నది ఉన్నట్టు నిలబెట్టేస్తుంది. చోటు చూపించి 'రిజ్యూమ్' అంటే ఆగిన చోటి నుంచే నడుస్తుంది. నేను ఎప్పుడో పెట్టుకున్న 80 జీబీ పాత బ్యాకప్ ఒకటి అదే డిస్క్‌లో ఉంది. దాన్ని తీసేసి, 60 మిషన్లకీ వరసగా రిజ్యూమ్ కొట్టాను. పిల్లలు టైప్ చేస్తున్న సగం లైను కూడా పోలేదు. కాకపోతే లోపలి గడియారాలు కూడా ఆగినచోటి నుంచే లేచాయి. అన్నీ అరగంట వెనక నడుస్తున్నాయి. సబ్మిషన్ టైములు తప్పు పడతాయని ఒక అమ్మాయి చెప్తేగానీ నాకు తట్టలేదు. మేడమ్ అందరికీ ముప్పావు గంట ఎక్కువ ఇచ్చారు. పరీక్ష గట్టెక్కింది.

మా నాన్న చిత్తూరు బెల్లం మండీలో గుమాస్తాగా చేశారు. చిట్టా ఆయనే రాసేవారు. అయినా సాయంత్రం మండీ మూసే ముందు గోదాములోకి వెళ్లి దిమ్మెల మీద చెయ్యి పెట్టి లెక్కపెట్టేవారు. తాను రాసిన పుస్తకాన్ని తానే నమ్మకపోవడం ఏమిటో చిన్నప్పుడు నాకు అర్థమయ్యేది కాదు. ఆ రాత్రి మా వెబ్ పేజీ కోడ్ తెరిచాక అర్థమైంది. ఆ అబ్బాయి ఖాళీ చోటుని డిస్క్‌ని అడిగి చూపించడం లేదు. తన డేటాబేస్‌లో ఉన్న మిషన్ల సైజులు కూడి, మొత్తంలోంచి తీసేసి చూపిస్తున్నాడు. చిట్టా ఉంది, గోదాములోకి వెళ్లినవాడు లేడు.

మరి 1.4 టీబీ ఎటు పోయినట్టు?

డిలీట్ బటన్ వెనక మూడే లైన్లు ఉన్నాయి. మొదటిది 'డిస్ట్రాయ్', రెండోది 'అన్‌డిఫైన్', మూడోది డేటాబేస్‌లో ఆ మిషన్ పేరున ఉన్న వరస చెరిపేయడం. చదివితే ఎంత నిండుగా ఉంది! డిస్ట్రాయ్ అంటే నాశనం కదా, ఇంకేం మిగులుతుంది అనిపిస్తుంది. లిబ్‌వర్ట్‌లో ఆ మాటకి అర్థం వేరు. కరెంటు ప్లగ్ పీకినట్టు మిషన్‌ని బలవంతంగా ఆపడమే డిస్ట్రాయ్. అన్‌డిఫైన్ అంటే ఆ మిషన్ వివరాలు రాసి ఉన్న ఎక్స్‌ఎంఎల్‌ని తీసేయడం. డిస్క్ ఫైల్‌ని ఈ రెండూ ముట్టుకోవు, దాన్ని విడిగా తీసేయాలి. ఈ పేరు చూసి మోసపోయినవాళ్లలో ఆ అబ్బాయి మొదటివాడు కాడు. నేనే మొదటిసారి డిస్ట్రాయ్ కొట్టాల్సి వచ్చినప్పుడు చెయ్యి వణికి, రెండుసార్లు మాన్యువల్ చూసుకున్నాను.

అలా మూడు సెమిస్టర్ల మిషన్లు, సెమిస్టర్‌కి 60 చొప్పున 180 ఫైళ్లు, యజమాని లేకుండా పడి ఉన్నాయి. ఒక్కొక్కటి దాదాపు 8 జీబీ. లెక్క సరిపోయింది.

ఇంకో సంగతి కూడా బయటపడింది. ఆ మూడు లైన్లలో మొదటి రెండింటికీ విడివిడిగా చుట్టూ పైథాన్‌లో 'ట్రై', కింద 'ఎక్సెప్ట్, పాస్' ఉన్నాయి. అంటే ఏ తప్పు జరిగినా నోరు మూసుకుని ముందుకెళ్లు అని. స్నాప్‌షాట్లు (మిషన్ ఒక క్షణంలో ఎలా ఉందో దాచుకున్న ప్రతులు) ఉన్న మిషన్‌ని మామూలుగా అన్‌డిఫైన్ చేయబోతే లిబ్‌వర్ట్ ఒప్పుకోదు. స్నాప్‌షాట్ల వివరాలు కూడా తీసేయమని విడిగా చెప్పాలి. ఈ కోడ్ చెప్పదు. లిబ్‌వర్ట్ కాదంటుంది, 'పాస్' ఆ మాటని మింగేస్తుంది, డేటాబేస్‌లో వరస మాత్రం చెరిగిపోతుంది. ఆ 180 కాక అలాంటి మిషన్లు 11 దొరికాయి. పేజీలో కనపడవు, సర్వర్‌లో ఉన్నాయి.

కొత్త కోడ్‌లో పనుల క్రమం మార్చాను. ముందు ఎక్స్‌ఎంఎల్ చదివి డిస్క్ ఫైళ్ల దారి రాసుకోవాలి, ఎందుకంటే అన్‌డిఫైన్ అయ్యాక అడగడానికి ఎవరూ ఉండరు. తర్వాత ఆపడం, స్నాప్‌షాట్లతో సహా అన్‌డిఫైన్, డిస్క్ తీసేయడం. ఇవన్నీ జరిగాయని తేలాకే డేటాబేస్‌లో వరస పోతుంది. మధ్యలో ఏది ఆగినా ఆ వరస ఎర్రగా మారి, లిబ్‌వర్ట్ చెప్పిన మాటని ఉన్నదున్నట్టు చూపిస్తుంది. ఆ ఎరుపు చూసి లెక్చరర్లు మొదట్లో కంగారుపడ్డారు. పడనివ్వండి అనుకున్నాను.

కోడ్ మార్చడం ఒక సాయంత్రం పని. పాత ఫైళ్లు ఏరడం మాత్రం చెమటలు పట్టించింది.

నా ఆలోచన ఇది: ఇమేజెస్ ఫోల్డర్‌లో ఉన్న ఫైళ్ల పేర్లు ఒక పక్క, మిషన్ వాడే డిస్క్ ఫైళ్లు చెప్పే 'డోమ్‌బ్లక్‌లిస్ట్' అన్ని మిషన్లకూ ఇచ్చిన పేర్లు ఇంకో పక్క. రెండో పక్కన లేనివన్నీ అనాథలు, తీసేయొచ్చు. పది లైన్ల స్క్రిప్ట్ రాశాను. తీసేయకుండా ముందు పేర్లు మాత్రం అచ్చు వేయమన్నాను. ఆ బుద్ధి ఎలా పుట్టిందో గానీ ఆ గోవిందుడికి దండం. జాబితాలో 184 పేర్లు వచ్చాయి. నా లెక్కకి నాలుగు ఎక్కువ. అందులో ఒకటి ఆ సెమిస్టర్ బేస్ ఇమేజ్.

బేస్ ఇమేజ్ అంటే ఏమిటో చెప్పకపోతే ఆ భయం అర్థం కాదు. 60 మందికి 60 సార్లు ఉబుంటు (ఒక రకం లైనక్స్) ఎక్కించం. ఒకసారి ఎక్కించి దాన్ని బేస్‌గా ఉంచుతాం. ప్రతి విద్యార్థికీ దాని మీద పల్చటి క్యూకౌ2 రకం డిస్క్ ఫైల్ ఒకటి ఇస్తాం. విద్యార్థి మార్చినవి మాత్రమే అందులో పడతాయి, మార్చనివన్నీ కిందున్న బేస్ నుంచి చదువుతుంది. డోమ్‌బ్లక్‌లిస్ట్ చూపించేది పై పొర పేరొక్కటే. అందుకే నా స్క్రిప్ట్‌కి బేస్ ఎవరికీ చెందని ఫైల్‌లా కనపడింది. దాన్ని తీసేసి ఉంటే 60 మిషన్లూ ఒక్క దెబ్బకి పోయేవి. నేను సరిచేస్తున్న తప్పు కన్నా అది పెద్ద తప్పు.

స్క్రిప్ట్ మళ్లీ రాశాను. ఈసారి ప్రతి ఫైల్‌నీ 'క్యూఎము-ఐఎమ్‌జీ ఇన్ఫో'తో పై పొర నుంచి బేస్ దాకా గొలుసు చివరిదాకా తవ్వి చూడమన్నాను. నడుస్తున్న మిషన్ల ఫైళ్ల దగ్గర లాక్ దొరకలేదని అడ్డం తిరిగింది. క్యూఎము 2.10 నుంచి ఉన్న కాపలా అది. ఒకే ఫైల్‌ని ఇద్దరు పట్టుకుని పాడుచేయకుండా చూస్తుంది. చదవడానికి మాత్రమే కాబట్టి 'యూ' ఆప్షన్ ఇచ్చి దాటాను. జాబితా 183కి తగ్గింది. మిగిలిన మూడు పాత సెమిస్టర్ల బేస్‌లు. వాటి మీద బతికి ఉన్నవి ఏవీ లేవు. అయినా వెంటనే చెరిపే ధైర్యం రాలేదు. అన్నిటినీ అదే డిస్క్‌లో 'చెత్తబుట్ట' అనే ఫోల్డర్‌లోకి జరిపి రెండు వారాలు చూశాను. ఎవరూ ఏమీ అనలేదు. అప్పుడు తీసేశాను.

ఇంత జాగ్రత్తపడినవాడిని, జనవరిలో నేనే బేస్‌ని పాడుచేశాను. కొత్త సెమిస్టర్ మొదలైన మూడో రోజు ఒక లెక్చరర్ వచ్చి కంపైలర్ ఒకటి తక్కువైందన్నాడు. 60 మిషన్లలో ఎక్కించడం ఎందుకు, బేస్‌లో ఎక్కిస్తే అందరికీ వచ్చేస్తుంది కదా అనుకుని, పిల్లల మిషన్లు ఆపి ఉన్నప్పుడు బేస్‌ని ఆన్ చేసి ప్యాకేజీ ఎక్కించాను. మర్నాడు పొద్దున సగం మిషన్లలో ఫైల్‌సిస్టమ్ ఎర్రర్లు. పై పొరలు ఎప్పుడో ఉన్న బేస్‌ని నమ్ముకుని రాసుకున్నవి. కింద నేల కదిలాక వాటి లెక్కలు తప్పాయి. బాగుచేసే దారి లేదు. మూడు రోజుల పనే కాబట్టి అందరికీ కొత్తవి ఇచ్చాం. ఆ రోజు క్యాంటీన్‌లో నేను ఒక్కడినే కూర్చుని తిన్నాను. అప్పటినుంచి లిబ్‌వర్ట్‌లో బేస్ పేరుతో మిషనే లేకుండా చేశాను. కొత్తది కావాలంటే కాపీ తీసి, తారీఖు పేరుగా పెట్టి, దాంట్లో మార్పులు చేస్తాం. పాతది పాతదే.

కొత్తవి ఇచ్చినప్పుడే ఇంకో వింత. రెండు మూడు మిషన్లకి ఒకే ఐపీ అడ్రస్. నెట్‌వర్క్ కార్డుల గుర్తులైన మ్యాక్ అడ్రస్‌లు వేరువేరుగా ఉన్నాయి, అయినా ఐపీ ఒకటే. ఒక పూట నెట్‌వర్క్‌ని తిట్టుకున్నాక తెలిసింది, ఇప్పటి ఉబుంటు సర్వర్, ఐపీలు పంచే డీహెచ్‌సీపీకి తన గుర్తుగా మ్యాక్‌ని కాకుండా మెషిన్-ఐడీ అనే ఫైల్‌లో ఉన్న నంబరు నుంచి తయారైన గుర్తుని పంపుతుందని. బేస్‌లో ఉన్న మెషిన్-ఐడీనే అందరికీ పోయింది. బేస్ మూసేముందు ఆ ఫైల్‌ని ఖాళీ చేస్తే సరి, మొదటిసారి ఆన్ అయినప్పుడు ఎవరిది వాళ్లు రాసుకుంటారు.

చివరగా మిగిలింది 'రన్నింగ్' అనే మాట. విద్యార్థి మిషన్ లోపలి నుంచి షట్‌డౌన్ చేసినా మా పేజీలో అది రన్నింగ్ అనే ఉండేది, ఎందుకంటే బటన్ నొక్కినప్పుడే డేటాబేస్ మారుతుంది. మళ్లీ చిట్టానే. ఆ గడిని డేటాబేస్‌లోంచే పీకేశాను. పేజీ తెరిచినప్పుడల్లా లిబ్‌వర్ట్‌నే అడుగుతుంది. మిషన్ ఆగినా లేచినా లిబ్‌వర్ట్ తానే కబురు పంపే ఏర్పాటు కూడా ఉంది, దాన్ని కట్టాను. రెండు రోజులు ఒక్క కబురూ రాలేదు. కబుర్ల కోసం కాచుకుని ఉండే ఈవెంట్ లూప్‌ని కనెక్షన్ తెరవకముందే రిజిస్టర్ చేయాలి, దాన్ని ఒక థ్రెడ్‌లో తిప్పుతూ ఉండాలి. నేను రెండూ చేయలేదు. కబుర్లకి తలుపు పెట్టి తాళం తీయనట్టు.

అంతా కుదిరాక మార్పులన్నీ గిట్‌లో పెట్టి, మర్యాదకి ఆ బెంగుళూరు అబ్బాయికి కూడా పంపాను. రాత్రి ఫోన్ చేశాడు.

"సార్, డిస్ట్రాయ్ సంగతి నాకు నిజంగా తెలీదు సార్. సారీ సార్."

"పర్లేదులే నాయనా. నాలుగేళ్లు నడిచింది కదా."

కాసేపు ఉద్యోగం సంగతి, బెంగుళూరు ట్రాఫిక్ సంగతి మాట్లాడాడు. పెట్టేయబోతూ ఆగాడు.

"సార్, ఇంకోటి. ఐఎస్‌ఓ అప్‌లోడ్ చేసినప్పుడు ముందు రూట్ డిస్క్‌లో టెంప్ ఫోల్డర్‌లో పడుతుంది. అది మళ్లీ తీసేస్తా ఉండానా లేదా, ఒకసారి చూడండి సార్."

ఫోన్ చెవి దగ్గర అలాగే పెట్టుకుని లాప్‌టాప్ తెరిచి సర్వర్‌లోకి వెళ్లాను. రూట్ డిస్క్ 91 శాతం నిండి ఉంది.