అడ్వాన్స్‌డ్ ట్యాబులో నేను చూసేవి

విండోస్ డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ అడాప్టర్ (కంప్యూటర్‌ను నెట్‌వర్క్‌కు కలిపే భాగం) పేరు మీద రెండుసార్లు నొక్కి అడ్వాన్స్‌డ్ ట్యాబు తెరిస్తే చాంతాడంత జాబితా కనిపిస్తుంది. అందులో ముప్పాతిక వంతు జోలికి నేను పోను.

లింక్ వేగాన్ని నిర్ణయించే 'స్పీడ్ అండ్ డ్యూప్లెక్స్' మాత్రం తప్పక చూస్తాను. అది 'ఆటో నెగోషియేషన్' మీదే ఉండాలి, అంటే కేబుల్‌కు రెండు వైపులా ఉన్న పరికరాలు వేగాన్ని తామే తేల్చుకోవాలి. ఆ మధ్య నా లింక్ వేగం ఉన్నట్టుండి 100 ఎంబీపీఎస్‌కు పడిపోయింది. అక్కడ 1 గిగాబిట్ అని బలవంతంగా పెట్టేయమని సలహా ఇచ్చారు. రోగం ఒకటి, మందు మరొకటి! 100 ఎంబీపీఎస్‌కు కేబుల్లోని ఎనిమిది తీగల్లో నాలుగు చాలు. గిగాబిట్‌కు ఎనిమిదీ పనిచేయాలి. ప్లగ్గును వెలుతురులో తిప్పి చూస్తే గోధుమరంగు తీగ కొస లోహపు పిన్నుదాకా చేరనే లేదు. కేబుల్ మార్చాక వేగం దానంతట అదే తిరిగొచ్చింది.

లింక్ మాటిమాటికీ తెగిపోతుంటే, కరెంటు ఆదా చేసే 'ఎనర్జీ ఎఫిషియెంట్ ఈథర్నెట్' ఆపి చూడవచ్చు. ఆదా అయ్యే కరెంటు ఎలాగూ స్వల్పమే. 'జంబో ఫ్రేమ్' (ఒక్కో విడతలో పంపే డేటా ముక్క పరిమాణం) 9014 బైట్లకు పెంచాలన్న ఉబలాటం మాత్రం వద్దు. మీ స్థానిక నెట్‌వర్క్‌లోని స్విచ్చు, అవతలి కంప్యూటర్ కూడా అందుకు ఒప్పుకోవాలి. ఇంటర్నెట్‌లో మామూలు పరిమితి ఎలాగూ 1500 బైట్లే.

అన్నట్టు, ఓకే నొక్కగానే కనెక్షన్ కొన్ని సెకన్లు పోతుంది. వీడియో కాల్ మధ్యలో మాత్రం ఈ పని పెట్టుకోకండి.