నెల్లూరు అని రాసి ఉంది సరే, ఏ నెల్లూరు?

కాలేజీలకు గ్రేడు ఇచ్చే న్యాక్ వాళ్లు వస్తున్నారు, బీరువాలు సర్దండి అన్నారు. కావలిలో మా కాలేజీ జువాలజీ ల్యాబ్‌లో ఓ మూల చెక్క బీరువా ఉంది. ఎప్పుడో ఎవరో ఇచ్చిన నత్తగుల్లలు దాన్నిండా అగ్గిపెట్టెల్లో ఉన్నాయి. తీసి చూస్తే సగం గుల్లల మీద తెల్లటి పొడి. మా అటెండరుది ఇస్కపల్లి, ఉప్పు కొఠార్ల మధ్య పెరిగిన మనిషి. "ఉప్పు పట్టింది మేడమ్, ఇంకేం పనికొస్తాయి, పారేద్దాం" అన్నాడు.

ముక్కు దగ్గర పెట్టుకుంటే వెనిగర్ వాసన వచ్చింది. అది ఉప్పు కాదు. చెక్కలోంచి వచ్చే ఆమ్లపు ఆవిరికి మన కోస్తా తేమ తోడైతే గుల్లలోని సున్నాన్ని తినేసి ఇలా పొడి చేస్తుంది. 1899లో బైన్ అనే ఆయన దీని గురించి రాస్తూ సూక్ష్మజీవుల పని అనుకున్నాడు. అది తప్పని తర్వాత తేలినా, బైన్ జబ్బు అన్న పేరు మాత్రం పోలేదు.

మొదటి తప్పు ఇక్కడే చేశాను. పొడి వదలాలని ఒక అగ్గిపెట్టెలోని ఏడు గుల్లల్ని రాత్రంతా నీళ్లలో వేసి వెళ్లాను. ఏ ఊళ్లో దొరికిందో రాసి గుల్లలోకి చుట్టి దూర్చిన చీటీ నా కంట పడలేదు. పొద్దున చూస్తే గిన్నెలో లేత నీలం నీళ్లు. ఆ తర్వాత గుల్ల నోట్లోకి టార్చి వేసి చూశాక గానీ దేన్నీ తడపలేదు.

జాబితా కోసం గుల్లను వర్ణించడం అనుకున్నంత కష్టమేమీ కాదు. మొన పైకి, నోరు మనవైపు ఉండేలా పట్టుకోవాలి. నోరు కుడివైపు ఉంటే కుడి చుట్టు. మావన్నీ అవే. ఫోటోను పొరపాటున అద్దంలోలా తిప్పేస్తే మాత్రం ఎడమ చుట్టు నత్త ఒకటి కొత్తగా పుట్టుకొస్తుంది! ఎత్తు, వెడల్పు కాలిపర్స్‌తో కొలిచాను. మొన నుంచి చుట్లు లెక్కపెట్టాను. కింద బొడ్డు, అంటే చుట్ల మధ్యలో ఉండే గుంట, తెరిచి ఉందా, మూసుకుందా చూశాను.

నన్ను తిప్పలు పెట్టినవి 11 మిల్లీమీటర్ల చిన్న గుల్లలు. వాటి అంచు చుట్టూ గట్టులా తేలి ఉంది, పెదవి, అంటే నోటి అంచు, పలచన. వేరే జాతి అనుకుని రెండు పేజీలు రాసేశాను. నవంబరు వానలకు కాంపౌండు గోడ మీద నత్తలు పాకుతుంటే పిల్లల్నీ పెద్దల్నీ పక్కపక్కన పెట్టి చూశాను. పిల్ల గుల్లకు గట్టు ఉంది, పెద్దదానికి నునుపు తేలింది. ఈ రకానికి పెద్దయినా పెదవి మందం కాదు. చుట్లు తక్కువంటే అది పిల్లే. రెండు పేజీలూ కొట్టేశాను.

పాత చీటీల మీద దాదాపు అన్నిటికీ ఒకటే పేరు, హీలిక్స్. అప్పట్లో కనపడిన నేలనత్తకల్లా ఆ పేరే పెట్టేవాళ్లు. ఇదే నత్త నానినా అయింది, ఏరియోఫాంటా అయింది, ఇప్పుడు క్రిప్టోజోనా బిస్ట్రియాలిస్. ఈ కుటుంబంలో లోపలి అవయవాలు కోసి చూడనిదే ఖాయంగా చెప్పలేని రకాలున్నాయి. ఎండు గుల్ల ఒక్కటే ఉంటే ఎలా? అలాంటి చోట పేరు పక్కన "కావచ్చు" అని రాశాను.

నాకు బాగా నచ్చిన చీటీ ఒకటుంది. తేదీ లేదు, "ఒంగోలు, నెల్లూరు జిల్లా" అని మాత్రం ఇంగ్లీషులో ఉంది. ఒంగోలు తాలూకా 1904లో కొత్తగా ఏర్పడిన గుంటూరు జిల్లాలోకి పోయింది. 1970లో ఒంగోలు జిల్లా వచ్చింది, 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. కాబట్టి ఈ చీటీ 1904కు ముందుదై ఉండాలి. ఉత్త "నెల్లూరు జిల్లా" అని ఉన్నవాటితోనే చిక్కు. 1970కి ముందు కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి అన్నీ నెల్లూరే. సముద్రం పక్క నత్తో, వెలిగొండల కింది నత్తో ఎలా చెప్పడం? ఇప్పటి జిల్లా పేరు వేసేద్దామని చెయ్యి లాగింది గానీ, ఉన్నదున్నట్టే ఎక్కించాను.

ఇప్పుడు గుల్లలన్నీ ప్లాస్టిక్ డబ్బాల్లో, స్టీలు బీరువాలో ఉన్నాయి. ఆ ఏడు గుల్లల డబ్బాలో తెల్లబోయిన పాత చీటీని కూడా ఉంచాను. కొత్త చీటీ మీద ఊరు అన్నచోట "నా చేతిలో తడిసి చెరిగిపోయింది" అని రాసి, తేదీ వేసి సంతకం పెట్టాను.