కొబ్బరికాయా, 0.85

మన బడి సంచిక కమిటీవాళ్ళు మూడోసారి ఫోన్ చేసి "ఒక్క పేజీ రాసిచ్చెయ్యరా బాబూ, ప్రెస్సుకి వెళ్ళిపోతోంది" అన్నారు కాబట్టి రాస్తున్నాను. బడి మొత్తం గురించి రాయమన్నారు గానీ ఆరు నుంచి ఎనిమిది దాకా నాకు పెంకుటి షెడ్డు కారడం తప్ప ఏమీ గుర్తులేదు. తొమ్మిదంటే మాత్రం మన సైన్సు మాస్టారే.

లాబంటే అప్పట్లో తాళం వేసిన బీరువా. పగిలితే జీతంలో కోస్తారని అంతకుముందు దాన్ని ఎవరూ తీయలేదు. ఈయన వచ్చిన వారానికే తీశారు. పగిలినవన్నీ స్టాకు రిజిస్టర్లో "పిల్లలు వాడగా పగిలినవి" అని ఎర్రసిరాతో రాసేవారు. మాడిపోయిన బల్బు మూతి ఊడదీసి నీళ్ళు పోస్తే భూతద్దం. సెలైన్ గొట్టం సైఫను, దాంతో తడిసింది ఎవరి నిక్కరో ఇక్కడ రాయను, మనవలు చదువుతారు.

అసలు సంగతి కొబ్బరికాయ. క్యూసెక్కంటే ఏమిటండీ అని మన క్లాసు బూరెలోడు అడిగిన పాపానికి "పదండి, కొలుద్దాం" అని క్లాసు క్లాసునీ కాలువ లాకుల దగ్గరికి నడిపించారు. గట్టు మీద తాడుతో 100 అడుగులు కొలిచి, డొక్క తీయని కాయ కాలువలో వదిలాం. 50 సెకన్లు పట్టింది. అంటే సెకనుకి 2 అడుగులు. వెడల్పు 40, వెదురుగడ దింపి చూస్తే సగటు లోతు 5. క్యూసెక్కంటే సెకనుకి ఒక ఘనపుటడుగు నీరు కాబట్టి, మూడూ గుణిస్తే మొత్తం 400 క్యూసెక్కులు! మనం ఈలలు వేసేశాం. కాలువ నీళ్ళు చూసుకునే లస్కరు, నీటిమట్టం చూపే గేజీ వైపు చూసి, "అంతుండదండీ మాస్టారూ, మూడొందల యాభై లోపే" అన్నాడు.

మర్నాడు ఆయన హాజరు కూడా వేయకుండా "నిన్న నేను తప్పు చెప్పాను, లస్కరు చెప్పిందే రైటు" అన్నారు. పైనీరు జోరుగా పోతుంది, అడుగున మట్టీ, పక్కన గట్టూ నీటిని పట్టి లాగుతాయి, కాయ చెప్పేది పైనీటి వేగమే. అందుకని 0.85తో గుణించాలి. 340. మధ్యాహ్నం లస్కరుని పిలిపించి తన కుర్చీలో కూర్చోబెట్టి గేజీ గురించి చెప్పించారు. ఒక మాస్టారు తప్పు ఒప్పుకోగా నేను చూడటం అదే మొదలు.

పదో తరగతి వదిలేస్తున్నా, నా మార్కులు మీకు తెలుసు. అయినా ఇరిగేషన్‌లో ఉద్యోగం వచ్చింది. ధవళేశ్వరం బ్యారేజీ 175 గేట్ల మీద వరద రాత్రుళ్ళు మేలుకుని, లక్షల క్యూసెక్కుల లెక్కలు ఫోన్లో చెప్పి, ఈఈగా (ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా) దిగిపోయాను. కొత్త ఏఈలు (అసిస్టెంట్ ఇంజనీర్లు) వస్తే ముందు గట్టు మీదికి తీసుకెళ్ళి కాయ వదిలించేవాణ్ణి. నీటి వేగం కొలిచే కరెంట్ మీటర్ ఉంది కదండీ అని లోపల నవ్వుకునేవారు. 0.85 మర్చిపోయినవాడికి ఆ రోజు టీ ఖర్చు.

ఇంకొకటి. ఆ కాయ హెడ్మాస్టరు గారి పెరట్లోది. ఏమైందని ఆయన వారం రోజులు అడిగితే అందరం బూరెలోడి మీద తోసేశాం కదా. దిగువ రేవులో దాన్ని పట్టుకున్నది నేనే. మా అమ్మ పచ్చడి చేసింది. ఒరే బూరెలూ, కలిసినప్పుడు కాయ నాది, తిట్లు నీవి.